కుటుంబ ప్రార్థన

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో చాలాచోట్ల రాత్రిపూట కుటుంబ ప్రార్థన జరుగుతుంది. చాప పరుస్తారు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుంటారు. ముందుగా ఒక కీర్తన. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు దేవుని ప్రేమను మన సంగీత బాణీల్లోనే పాడారు. తర్వాత పిల్లల్లో ఒకరు బైబిలు చదువుతారు. పెద్దల ప్రార్థనలో పొరుగింటివాళ్ల జ్వరం, మనవరాలి పరీక్షలు, రావలసిన వాన, అన్నీ వస్తాయి.

చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన చెబుతారు. యేసు శిష్యులకు నేర్పిన ఈ ప్రార్థన మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, లూకా సువార్త 11వ అధ్యాయంలో ఉంది. ఇందులో అడిగే తిండి ఏడాదికి సరిపడా కాదు, రోజుకు సరిపడా. క్షమాపణకేమో ఒక మెలిక ఉంది: తప్పు చేసినవాళ్లను మనమూ క్షమించాలి. పొద్దున పోట్లాడుకున్న అన్నదమ్ములు రాత్రి ఆ మాట పలకాలంటే ముందు రాజీపడక తప్పదు. దేవుని ప్రేమ మన దగ్గరే ఆగిపోకూడదన్నదే ఈ ప్రార్థన సారం.