చిన్న పుల్లీ – పెద్ద లెక్క
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మాట్లాడమంటే సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో, తీర్థయాత్రల గురించో మాట్లాడుకుంటాం. ప్రత్యేక సంచికకు ఏదైనా కొత్త విషయం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అందుచేత ఒక కారు ఇంజను గురించి చెబుతాను. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడికి ఇంజనుతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. గత ఏడాది ఆరు నెలలు ఇంగ్లండులో మా చిన్నబ్బాయి దగ్గర ఉన్నాను. వాడి దగ్గర 2004 నాటి మినీ కూపర్ ఎస్ కారు ఉంది. దానికి చిన్న పుల్లీ వేయించాలని వాడి కోరిక. పిల్లను బడికి తీసుకెళ్ళే బండితో ప్రయోగాలు వద్దని మా కోడలి వాదన. తీర్పు నన్ను చెప్పమన్నారు. ఫైలు చదవకుండా నోటు రాసే అలవాటు నాకు లేదు. అందుకని రెండు వారాలు కూర్చుని విషయం తెలుసుకున్నాను.

మినీ అనేది ఇంగ్లండువాళ్ళకు మన అంబాసిడర్ లాంటి బండి. 1959లో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు రూపొందించాడు. మొదటి ఇంజను 848 సి.సి. మాత్రమే. ఆ బుల్లి కారే తర్వాత కూపర్ ఎస్ రూపంలో 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. ఆ పేరుతో 2001లో ఆక్స్‌ఫర్డులో కొత్త మినీ తయారీ మొదలైంది. అందులో మామూలు కూపర్‌కు 1.6 లీటర్ల ఇంజను, 115 గుర్రాల బలం. అదే 1598 సి.సి. ఇంజనుకు సూపర్‌చార్జర్ తగిలిస్తే కూపర్ ఎస్. దాని బలం 163 గుర్రాలు. సిలిండర్లు అవే నాలుగు. మరి ఈ అదనపు బలం ఎక్కడిది? గాలి నుంచి.

ఇంజనులో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకున్న గాలితో సరిపెట్టుకుంటుంది. సూపర్‌చార్జర్ గాలిని లోపలికి బలవంతంగా తోస్తుంది. రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా ఎదురుబొదురుగా తిరుగుతూ గాలిని నెడతాయి. ఈ పద్ధతికి 1860లోనే అమెరికాలో రూట్స్ సోదరులు పేటెంటు తీసుకున్నారు. మినీలో ఉన్నది ఈటన్ ఎం 45. పేరులోని 45 అంటే, ఒక్క చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలి, అంటే సుమారు 737 సి.సి. దాని పుల్లీ ఇంజనుకంటే దాదాపు రెండింతల వేగంతో తిరుగుతుంది. ఇంజను ఒక చుట్టుకు తనంతట తాను పీల్చగలిగేది దాదాపు 800 సి.సి. సూపర్‌చార్జర్ అందించేది 1,470 సి.సి. పైన. ఈ తేడాయే బలం.

ఇప్పుడు పుల్లీ సంగతి. మన ఊళ్ళో పిండిమరలో చూసినదే. బెల్టు వేగం మారనప్పుడు పుల్లీ ఎంత చిన్నదైతే అంత జోరుగా తిరుగుతుంది. పుల్లీ 15 శాతం చిన్నదైతే వేగం 15 శాతం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క అది కాదు. 1ని 0.85తో భాగించాలి. వేగం 17.6 శాతం పెరుగుతుంది. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సూపర్‌చార్జర్ 12,000 తిరుగుతుందనుకుందాం. 15 శాతం పుల్లీతో అది 14,100 దాటుతుంది. 19 శాతం పుల్లీతో 14,800 దాటుతుంది. పని పరికరంలో పెద్దది కాకపోయినా, లెక్కలో పెద్దదే.

ప్రతి లాభానికీ ఒక కోత ఉంటుందని మనకు జీతం బిల్లులు నేర్పాయి. సైకిలు పంపు నాలుగుసార్లు గట్టిగా కొడితే అడుగు కాలుతుంది కదా. ఇక్కడా అంతే. గాలిని ఎంత నొక్కితే అంత వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించడానికి ఇంజను మీదనే ఇంటర్‌కూలర్ ఉంది. బానెట్‌కు ఉన్న రంధ్రం దానికి గాలి అందించడానికే. వేగం మరీ పెరిగితే ఆ ఇంటర్‌కూలర్ చాలదు. వేడి గాలితో పెట్రోలు అదను తప్పి మండుతుంది, ఇంజను కొట్టుకుంటుంది. ఆ ప్రమాదం పసిగట్టి కారులోని కంప్యూటర్ నిప్పురవ్వను వెనక్కి జరుపుతుంది. అప్పుడు పెట్టిన ఖర్చుకు తగిన బలం రాదు. పైగా సూపర్‌చార్జర్‌ను తిప్పే శక్తి కూడా ఇంజను నుంచే పోతుంది. అందుకే అనుభవజ్ఞులు 15 శాతం దగ్గర ఆగమంటారు. దానికి తోడు కాస్త పొట్టి బెల్టు, ఒక మెట్టు చల్లని స్పార్క్ ప్లగ్గులు, మేలురకం పెట్రోలు వాడమంటారు.

అసలు ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఈ కారులో ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపును నడిపేది సూపర్‌చార్జరే. దాని వెనుక చివర ఉన్న పళ్ళచక్రాల ద్వారా నీటి పంపు తిరుగుతుంది. ఆ చక్రాలకు కొద్దిగా నూనె ఉంటుంది. కారు జీవితకాలం సరిపోతుందని ఆ నూనె మార్చే పని సర్వీసు పట్టికలో చేర్చలేదు. కానీ ఇరవై ఏళ్ళ బండిలో అది ఎండిపోవచ్చు. చక్రాలు అరిగితే నీటి పంపు ఆగుతుంది, ఇంజను కాలిపోతుంది. అటువంటి బండికి చిన్న పుల్లీ వేసి ఇంకా జోరుగా తిప్పడమంటే, గుండె జబ్బు మనిషికి అదనపు డ్యూటీ వేయడమే.

మా కోడలు అడిగిన ప్రశ్న మరొకటి: "మామయ్యగారూ, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు డబ్బిస్తారా?" న్యాయమైన ప్రశ్న. అక్కడ కారుకు చేసిన మార్పులు బీమా కంపెనీ అడిగితే నిజం చెప్పాలి. దాచితే క్లెయిము తగ్గించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. మన దేశంలో నియమం ఇంకా గట్టిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. మీ మనవలు బండ్లకు ఏవేవో తగిలిస్తామంటే ఈ సంగతి చెప్పండి.

చివరికి నేను మూడు ముక్కల్లో నోటు రాసిచ్చాను. ఒకటి, ముందు సూపర్‌చార్జర్ విప్పి నూనె చూడాలి. రెండు, బీమా కంపెనీ నుంచి రాతమూలకంగా అనుమతి రావాలి. మూడు, 15 శాతానికి మించరాదు. ఈ మూడూ వరుసగా జరగాలి. "నాన్నా, రిటైరైనా ఫైలు వదల్లేదు" అని వాడు నవ్వాడు గానీ పాటించాడు. విప్పి చూస్తే నీటి పంపు వైపు నూనె దాదాపు లేదు. అదృష్టవశాత్తూ పళ్ళు బాగున్నాయి. కొత్త నూనె పోశారు. మొదటి బీమా కంపెనీ ఒప్పుకోలేదు. రెండోది ఎక్కువ ప్రీమియంతో ఒప్పుకుంది. ఆ తర్వాతే పుల్లీ పడింది. పుల్లీ కంటే ముందు నూనె చూసినందుకు మా కోడలు తృప్తి పడింది.

మిత్రులారా, పిల్లల కోరికలకు "వద్దు" అనడం తేలిక. "సరే" అనడం ఇంకా తేలిక. కూర్చుని లెక్క చూసి, ఏది ముందు ఏది వెనుక అని చెప్పగల ఓపిక మాత్రం మన వయసువాళ్ళ దగ్గరే ఉంది. ఆ ఓపికకు ఇంకా గిరాకీ ఉందని నాకు అక్కడ తెలిసింది.