స్కైలాబ్‌ను దించిన సూర్యుడు

మా మాస్టారు పాఠం చెబుతూ మాటిమాటికీ ఆగి, "సరే, కారణం?" అని అడిగేవారు. తెలుగునాట అందరికీ తెలిసి, కారణం మాత్రం చాలామందికి అందని సంఘటన ఒకటుంది. ఆయన స్మారకోపన్యాసానికి దాన్నే తీసుకున్నాను.

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన ఊళ్లు వణికిపోయాయి. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్నవాళ్లున్నారు. ఉన్నదంతా తెగనమ్ముకున్నవాళ్లున్నారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఆ పేరే పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని తలచుకుని ఇప్పుడు నవ్వుకోవడం నాకు నచ్చదు. 77 టన్నుల వస్తువు కచ్చితంగా ఎక్కడ పడుతుందో దాన్ని పంపినవాళ్లే చెప్పలేకపోయారు. చివరికి 11వ తేదీన అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది.

అసలు అది అప్పుడే పడాల్సింది కాదు. 1973 మేలో దాదాపు 435 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చారు. 1980ల మొదటిదాకా నిలుస్తుందని, ఈలోగా స్పేస్ షటిల్ వెళ్లి దాన్ని పైకి నెడుతుందని నాసా లెక్క. షటిల్ ఎగిరేసరికి 1981 ఏప్రిల్ అయింది. సూర్యుడు అంతదాకా ఆగలేదు. సూర్యుడి మీది మచ్చలు అనుకున్నదానికంటే వేగంగా పెరిగాయి. సూర్యుణ్ణి పరిశీలించే దూరదర్శినులను మోసుకెళ్లిన స్కైలాబ్‌ను ఆ సూర్యుడే కిందికి దించాడు.

ఎలా? మన కంటికి కనిపించే ఎండ, ఆ మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల సౌరచక్రంలో వెయ్యింట ఒక వంతు మాత్రమే మారుతుంది. అందుకే కింద ఉన్న మనకు ఏమీ తెలియదు. కానీ అతినీలలోహితానికి ఆ చివరన, ఎక్స్ కిరణాలకు దగ్గరగా ఉండే కిరణాలు కొన్ని రెట్లు పెరుగుతాయి. వాటిలో ఒక్కటీ నేలదాకా రాదు. దాదాపు 100 కిలోమీటర్ల పైనే అక్కడి ఆక్సిజన్, నైట్రోజన్ వాటిని మింగేస్తాయి. ఆ పొరనే థర్మోస్ఫియర్ అంటాం. సెగ తగిలిన పాలలా అది పొంగుతుంది. కింది దట్టమైన గాలి పైకి లేస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత, సూర్యుడు మందకొడిగా ఉన్న రోజులకూ ఉధృతంగా ఉన్న రోజులకూ మధ్య సుమారు పదింతలు తేడా చూపుతుంది. ఎంత పలచనిదైనా అది గాలే. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే వస్తువుకు అడ్డు తగులుతుంది.

దీన్ని పట్టించిన ఉపగ్రహాల్లో ఒకటి 1958 మార్చిలో అమెరికా పంపిన వాన్‌గార్డ్. కిలోన్నర కూడా లేని చిన్న గోళం. రెండు వేల ఏళ్లు తిరుగుతుందనుకున్నారు. దాని కక్ష్యను శ్రద్ధగా లెక్కగడుతున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు లుయిజీ యాకియాకు గాలి నిరోధం ఒకే తీరున లేదని తేలింది. రమారమి 27 రోజులకోసారి హెచ్చుతోంది, తగ్గుతోంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి భూమి నుంచి చూస్తే పట్టే కాలం అదే. మచ్చలున్న ముఖం మనవైపు తిరిగినప్పుడల్లా పై గాలి ఉబ్బుతోందన్నమాట. సూర్యుడి నుంచి వచ్చే 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల బలాన్ని కెనడాలో 1947 నుంచి రోజూ కొలుస్తున్నారు. ఆ అంకెలు ఈ హెచ్చుతగ్గులతో చక్కగా సరిపోయాయి. రోజూ ఒక అంకె రాసిపెట్టే ఆ ఓపిక మీద నాకెంతో గౌరవం. వాన్‌గార్డ్ ఆయుష్షు అంచనా తర్వాత దాదాపు 240 ఏళ్లకు తగ్గింది. సూర్యకాంతి ఒత్తిడికీ అందులో పాత్ర ఉంది.

కిరణాలది ఒక దారి. భూఅయస్కాంత తుఫానులది మరో దారి. సూర్యుడు విసిరిన ప్లాస్మా వచ్చి తాకితే ధ్రువాల దగ్గర విద్యుత్ ప్రవాహాలు చెలరేగి పై గాలిని గంటల్లోనే వేడెక్కిస్తాయి. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ముందుగా దాదాపు 210 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. మరునాడు తుఫాను తాకింది. పెద్దదేం కాదు. అయినా నిరోధం మునుపటి ప్రయోగాలతో పోలిస్తే 50 శాతం దాకా పెరిగింది. 40కి దగ్గరగా ఉపగ్రహాలు కాలిపోయాయి. శ్రీహరికోట నుంచి వెళ్లి 15 లక్షల కిలోమీటర్ల దూరాన కాపలా కాస్తున్న మన సౌర పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 విలువ ఇక్కడే తెలుస్తుంది. తుఫాను మన దగ్గరికి రాకముందే దాన్ని తాకుతుంది.



విద్యార్థులకు ఒక పని చెబుతాను. హబుల్ దూరదర్శినికి తనను తాను పైకి నెట్టుకునే ఇంజన్ లేదు. అందుకే దాని ఎత్తు తగ్గుదలలో గాలి ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. కక్ష్య వివరాలు ఎవరైనా తీసుకోవచ్చు. 2024 మే నెలకు రోజువారీ ఎత్తును గ్రాఫు కాగితం మీద గుర్తించండి. 10, 11 తేదీల్లో పెద్ద తుఫాను వచ్చింది. అక్కడ గీత ఎంత వంగిందో కొలిచి, కారణం మీ మాటల్లో రాయండి.