నెత్తురు చెప్పు సాక్ష్యము



తెనాలి, బాపట్ల, రేపల్లె స్టేషన్ల యెదుట జట్కాబండ్లు బారులుతీరి యుండిన దినములు మీలో కొందఱు పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. ఆనాడు గుఱ్ఱము జబ్బుపడినచో ఆ యింట పొయ్యి వెలుగకుండెడిది. నేడు గుఱ్ఱము లరుదైనవి. ఇంటి బరువును మోయునది పాడిగేదె. అయినను యజమానుని ప్రశ్న యొక్కటియే: ఈ జీవి బ్రదుకునా? దీనికై యింకను ధనము వెచ్చింపవచ్చునా? ఈ ప్రశ్నకు నెత్తురు చెప్పు సమాధానమును, గుఱ్ఱము నుదాహరణముగా గొని, మీకు మనవి చేసెదను.

మేత ముట్టినదా, చెవులు వ్రేలవైచినదా, లద్దె వేసినదా యని మన పెద్దలు చూచెడివారు. నేటికిని మొదటి పరీక్ష యదియే. కాని దాని కొక హద్దు గలదు. నొప్పి తగ్గించు మందు పడినంతనే జ్వరము దిగును, గుఱ్ఱము తల యెత్తును. లోపలి శోథ మాత్రము చల్లారక యుండవచ్చును. శోథ యనగా దెబ్బకో, క్రిములకో ఎదురుగా శరీరమున రాజుకొను మంట, వాపు.

శోథ పుట్టగనే కాలేయము కొన్ని మాంసకృత్తులను నెత్తురులోనికి హెచ్చుగా విడుచును. వానిలో ఫైబ్రినోజెన్ అనునది నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడునది. ఆరోగ్యముగల గుఱ్ఱమున నిది లీటరు రక్తరసమునకు సుమారు 2 మొదలు 4 గ్రాములు. శోథయందు పెరుగుటకు ఒకటి రెండు దినములు పట్టును, తగ్గుటయు మెల్లగనే. సీరం అమిలాయిడ్ ఏ అను రెండవది చుఱుకైనది. ఆరోగ్యదశలో నిది లీటరునకు సాధారణముగా 20 మిల్లీగ్రాముల లోపు. శోథ కలిగిన కొలది గంటలలో పెరుగ మొదలిడి, రెండు దినములలో వందలరెట్లు కావచ్చును. మంట చల్లారినచో త్వరగా దిగును. కావున మొదటిది నిన్నటి సంగతిని, రెండవది నేటి సంగతిని చెప్పు ననుకొనుడు.

అయితే ఇవి రోగము పేరు చెప్పవు. పొగను చూచి నిప్పున్నదని తెలిసికొందుము. ఏ యిల్లు కాలుచున్నదో వెదకవలయును గదా! 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు, నేడు పాకిస్తానున నున్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, సుర్రా వ్యాధి సోకిన గుఱ్ఱముల, ఒంటెల నెత్తురును సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు పరాన్నజీవిని కనుగొనెను. జోరీగలు వ్యాపింపజేయు ఆ వ్యాధికి కారణము నట్టి పరీక్షయే తెలిపినది. మంట యెంతయో చెప్పు పరీక్షయు, కారణము చెప్పు పరీక్షయు, రెండును వలయును.

ఇక బ్రదుకు సంగతి. గుఱ్ఱమునకు కడుపుశూల వచ్చి, ప్రేగు మెలిపడి, నెత్తురు సరిగా పాఱకున్నచో లాక్టేట్ అను పదార్థము పెరుగును. సాధారణముగా నిది లీటరునకు 2 మిల్లీమోల్‌ల లోపు. మిక్కిలి హెచ్చినచో అపాయమును హెచ్చును. కాని ఒక్క అంకెను చూచి ఆశ వదలరాదు. సెలైను ఎక్కించి, కొన్ని గంటలకు మరల చూడవలయును. దిగుచున్నచో ఆశ కలదు. చికిత్స జరుగుచున్నను ఎక్కుచున్నచో శస్త్రచికిత్సయో, బాధలేని మరణమో వైద్యుడు, యజమానుడు కలిసి ఆలస్యము చేయక నిశ్చయింపవలయును. ఫలములేని సూదులకై అప్పుచేయుట యెట్టి తప్పో, బ్రదుకగల జీవిని వదలివేయుటయు నట్టి తప్పే.

ఆవులలో, గేదెలలో హాప్టోగ్లోబిన్ అను మాంసకృత్తు ఇట్టి సాక్ష్యమే యిచ్చును. ఆరోగ్యముగల ఆవునందు ఇది దాదాపు శూన్యము. తీవ్రమైన పొదుగువాపు, గర్భాశయపు శోథ కలిగినపుడు పెరుగును. గుఱ్ఱపు అంకెలను గేదెకు అన్వయింపరాదు.

కావున నా మనవి యిది. మొదటి దినముననే పశువైద్యుని పిలువుడు. అంతకుముందు వేసిన మందును దాచక చెప్పుడు. నెత్తురు తీసినపుడు, మరల నెప్పుడు చూచెదరని తప్పక అడుగుడు.