సికిల్ సెల్ పిల్లలకు జ్వరమొస్తే పొద్దుటిదాకా ఆగొద్దు



పిల్లల ఎడమ డొక్క కింద తడిమి చూసి ‘బల్ల పెరిగింది’ అని మన ఊళ్లలో పెద్దవాళ్లు అనడం మీరు వినే ఉంటారు. అలా పెరిగేది ప్లీహం. రక్తాన్ని వడగట్టి, లోపలికి జొరబడ్డ సూక్ష్మక్రిములను పట్టి చంపే అవయవం అది. సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లో కొడవలిలా వంగిన ఎర్ర కణాలు దాని సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. చాలామందిలో చిన్నతనంలోనే అది పనికి రాకుండా పోతుంది. చేతికి పెద్దగా తగిలినంత మాత్రాన పని చేస్తోందని కాదు. ఇక న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా రక్తంలోకి వస్తే అడ్డుకునే కాపలా ఉండదు. పొద్దున ఒళ్లు వెచ్చబడిన పిల్ల రాత్రికే ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు.

మేము హాస్టల్ వార్డెన్లం. ఎవరికి జ్వరమొచ్చినా పారాసిటమాల్ వేసి, గంజి తాగించి, ‘పొద్దున పీహెచ్‌సీకి వెళ్దాంలే’ అనడం మా అలవాటు. ఒక వానాకాలం రాత్రి ఎనిమిదో తరగతి పిల్లకూ అదే చేశాం. వేడి దిగింది, మేమూ పడుకున్నాం. మాత్ర వేడిని దించుతుందే గానీ క్రిమిని చంపదని, బీఈడీ చదివిన మాకు ఆ రాత్రి తోచలేదు. తెల్లవారుజామున పిల్ల మాట తడబడింది. ఆసుపత్రికి బట్టలు తీద్దామని ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున లంగా మడతలో సికిల్ సెల్ కార్డు! ‘ఎవరికీ చూపించకు, రేపు పెళ్లి కాదు’ అని వాళ్లమ్మ చెప్పిందట. 108లో తీసుకెళ్లాం. వెంటనే ఇంజెక్షన్లు పడ్డాయి, పిల్ల బతికింది. ఆ తల్లిని అనే నోరు మాకు లేదు. మేము ఎన్నడూ అడగనే లేదు కదా.

ఇప్పుడు చేర్చుకునే రోజే తల్లిదండ్రులను పక్కకు పిలిచి అడుగుతున్నాం. ఆ పిల్లలకు జ్వరం 101 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా బండి పిలుస్తాం. మలేరియా పరీక్షలో ఏమీ లేదన్నా ఊరుకోం. డాక్టరుకు చెప్పే మొదటి మాటే ‘సికిల్ సెల్ పిల్ల’ అని.

1986లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, చిన్నపిల్లలకు రోజూ రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. మన దగ్గర న్యుమోకాకల్ టీకా దేశమంతటా అందింది 2021లోనే. మీ వయసువాళ్లలో చాలామందికి చిన్నప్పుడు పడి ఉండదు. జబ్బున్నవాళ్లు ఈ టీకా గురించి డాక్టర్ను అడగండి.

2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మనలో చాలామందికి పరీక్షలయ్యాయి, కార్డులొచ్చాయి. కార్డులో ఏం రాసుందో చదవండి. క్యారియర్ అని ఉంటే అది జబ్బు కాదు, ప్లీహం మామూలుగా బాగానే పని చేస్తుంది. జబ్బు అని ఉంటేనే ఇంతసేపూ చెప్పిన జాగ్రత్త.

ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఇంట్లో తమ్ముడి కార్డు, చెల్లి కార్డు ఎక్కడున్నాయో అడగండి. పెట్టె అడుగున ఉంటే పైకి తీయండి.

జై ఆదివాసీ.