డ్రైవరు ఎంపిక: కొత్త లినక్స్ వినియోగదారునికి చేయూత



పిల్లల చదువుకై రిచీ స్ట్రీట్‌లో పాత లాప్‌టాప్ కొని, లైసెన్సు ఖర్చు ఉండదని లినక్స్ వేయించుకొన్న కుటుంబానికి తొలిరోజే ఒక చిక్కు ఎదురుకావచ్చును. తెర వెలుగుతుంది, కీబోర్డు పనిచేస్తుంది. వైఫై మాత్రం కనిపించదు. డబ్బు వృథా అయినదని యంత్రాన్ని మూలన పెట్టేవారున్నారు. నిజానికి చాలాసార్లు యంత్రం చెడిపోయి ఉండదు. దానికి తగిన డ్రైవరు లేకపోవడమే కారణం.

పూర్వం చెన్నపట్నంలో కంపెనీ దొరలకు, స్థానిక వర్తకులకు నడుమ దుబాసీలు ఉండేవారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పరికరానికి నడుమ డ్రైవరు అటువంటి దుబాసీ. లినక్స్‌లో అధికభాగం డ్రైవర్లు కెర్నెల్‌తోనే వస్తాయి, వెతకనక్కరలేదు. అయితే అనేక వైఫై చిప్పులకు తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కూడా కావాలి. ఎన్విడియా గ్రాఫిక్స్‌కు స్వేచ్ఛా డ్రైవరు నూవో ఒకటి, కంపెనీ డ్రైవరు మరొకటి. ఏది ఎంచుకోవాలో కొత్తవారికి తెలియదు.

ఈ భారాన్ని వినియోగదారుని మీదినుండి తొలగించిన ఉదాహరణ డెబియన్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను అది దీర్ఘకాలం అధికారిక ఇన్‌స్టాలర్‌కు వెలుపల ఉంచింది. 2022లో సభ్యులు ఓటు వేసి నియమాన్ని మార్చారు. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుండి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలరే గుర్తించి చేరుస్తున్నది. చెన్నై సీడాక్ రూపొందించిన, తెలుగులోనూ పనిచేసే బాస్ లినక్స్‌కు మూలం డెబియనే. ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’ పట్టిక కూడా తగిన డ్రైవర్లను చూపి, వాటిలో ఒకదానిని సిఫారసు చేస్తుంది.

కొత్తవారు పాటించదగినవి మూడు. మొదటిది, కొనుటకు ముందే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవుతో లాప్‌టాప్‌ను నడిపి వైఫై, ధ్వని, కెమెరా పరీక్షించాలి; ఇన్‌స్టాల్ చేయనంతవరకు డిస్కులోనిది మారదు. రెండవది, వైఫై లేనిదే డ్రైవరు దిగదు, డ్రైవరు లేనిదే వైఫై రాదు అన్న స్థితిలో ఫోనును యుఎస్‌బి కేబుల్‌తో కలిపి టెథరింగ్ చేయాలి. మూడవది, సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో కంపెనీ డ్రైవరు వేసిన పిమ్మట, రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెరను దాటవేయరాదు. ముందు పెట్టుకొన్న పాస్‌వర్డు ఇచ్చి అనుమతించాలి. లేనిచో ఆ డ్రైవరు పనిచేయదు.

ఇక రూపకర్తలు చేయవలసినది ఒకటున్నది. పరికరం పేరు, సిఫారసు, దానికి కారణం, పాత స్థితికి మరలే మార్గం: ఈ నాలుగింటిని వినియోగదారుని భాషలో చెప్పాలి. ఆ వాక్యాలను తెలుగులోనికి తెచ్చుటకు ప్రోగ్రామింగ్ అక్కరలేదు. తెలుగు బాగా తెలిసి, కొంత ఓర్పు ఉన్నవారెవరైనా చాలును.