బొగ్గు పెరుగుతోంది, మన వాటా ఎంత?

(జహీరాబాద్ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన జహీరాబాద్ చుట్టుపక్కల బొగ్గు గని లేదు. అయినా రాత్రిపూట మీ చెరుకు తోటలో బోరు మోటారు నడుస్తోందంటే, ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గు నుంచే వస్తోంది.

సోలార్ ఇంత చవకైంది కదా, బొగ్గు తవ్వకం ఇంకా ఎందుకు పెరుగుతోంది? దీని వెనక నాలుగు లెక్కలున్నాయి.

ఒకటి, పొద్దు గూకాక కూడా కరెంటు కావాలి. పగటి కరెంటును దాచే బ్యాటరీలకు ఖర్చు ఎక్కువ. రెండు, బొగ్గు మన నేలలోనే ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర మండిపోతే, యూరప్ దేశాలు కూడా కొన్ని బొగ్గు ప్లాంట్లను మళ్లీ నడిపాయి. మూడు, పెట్టిన పెట్టుబడి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కట్టారు. ఆ డబ్బు తిరిగి రావాలంటే అది ఏళ్ల తరబడి నడవాలి. నాలుగు, ఆదాయం. రాష్ట్రానికి రాయల్టీ, రైల్వేకు రవాణా డబ్బు బొగ్గు నుంచి వస్తాయి. అందుకే 2024–25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి తొలిసారి 100 కోట్ల టన్నులు దాటింది.

ఇక మన సింగరేణి సంగతి వినండి. 1990–91లో అక్కడ లక్షకు పైగా కార్మికులుండేవారు. ఉత్పత్తి 2 కోట్ల టన్నులు కూడా లేదు. ఇప్పుడు ఏటా సుమారు 7 కోట్ల టన్నులు తీస్తున్నారు. కార్మికులు మాత్రం 40 వేల దాకా మిగిలారు. ఓపెన్‌కాస్ట్‌లో పెద్ద యంత్రాలే పని చేస్తాయి. భూమి ఎక్కువ పోతుంది, కొలువులు తక్కువ వస్తాయి. ఆ పోయే భూమిలో కోయలు, గోండులు, లంబాడీలు సాగు చేసుకున్న చేలు కూడా ఉన్నాయి.

బొగ్గు పెరిగితే మనమూ పెరుగుతామన్న నమ్మకం ఇక్కడే తప్పింది.

మరి ఏం చేయాలి? 2015లో వచ్చిన చట్ట సవరణతో గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజ నిధి ఏర్పడాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల బడికి, తాగునీటికి, వైద్యానికి, పని నేర్పడానికి ఖర్చు పెట్టాల్సిన డబ్బది. గని ప్రాంతంలో మన చుట్టాలున్నవాళ్లు ఆ లెక్కను సమాచార హక్కు కింద అడిగించండి.

మన దగ్గర నిమ్జ్ కోసం భూములు తీసుకున్నారు. అక్కడా ఇదే అడగండి: ఎన్ని ఎకరాలు పోయాయి, ఎన్ని కొలువులు వచ్చాయి, అందులో తండా పిల్లలకు ఎన్ని? అడగడానికి సిగ్గుపడకండి. ఆ కొలువుకు కావాల్సిన పని నేర్చుకోవడం మాత్రం ఈరోజే మొదలుపెట్టండి.