రాళ్లు కొట్టిన ఆడవాళ్లు



ఇంగ్లాండు పడమటి కొసన కార్న్‌వాల్ అనే సీమ ఉంది. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, అక్కడి వాళ్లకు సేద్యం, చేపల వేట, గనిపని ఇవే బతుకుతెరువు. సముద్రం ఒడ్డున బొటాలక్ గని ఉండేది. దాని సొరంగాలు సముద్రం అడుగుకి కూడా పోయాయి.

మగవాళ్లు గనిలోకి దిగేవారు. ఆడవాళ్లూ, చిన్న ఆడపిల్లలూ పైన సుత్తులతో రాగిరాయి పగలగొట్టేవారు. ఏది మంచి రాయో, ఏది ఉత్తదో చూపుతోనే ఏరేవారు. వాళ్లని 'బాల్ మెయిడెన్లు' అనేవారు. బాల్ అంటే అక్కడి పాత భాషలో గని. ఎండకీ దుమ్ముకీ తలకి తెల్లగుడ్డ టోపీ. కూలి మాత్రం మగవాళ్లకన్నా బాగా తక్కువ. మనకి తెలియని సంగతి కాదులెండి!

చర్చిలో పెళ్లయితే పెద్ద పుస్తకంలో పెళ్లికూతురూ సంతకం పెట్టాలి. చాలామందికి రాయడం రాదు. మనం వేలిముద్ర వేసినట్టు, వాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవారు. పేరు పాదిరిగారు రాసేవారు. ఆయన చెవికి ఎలా వినపడితే అలా! తప్పు రాసినా ఆమెకి తెలిసేది కాదు.

ఆ పుస్తకంలో 'వృత్తి' అని ఒక గడి ఉండేది. పెళ్లికొడుకు ఎదుట 'గనివాడు' అని రాసేవారు. పెళ్లికూతురు ఎదుట చాలాసార్లు ఏమీ రాసేవారు కాదు. ఆమె రోజంతా రాళ్లు కొట్టినా సరే.

ఆ పుస్తకాలు ఎన్నో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఇంటూ గుర్తులూ, ఖాళీ గడులూ అలాగే ఉన్నాయి.